రంధ్రాన్వేషణ

సోమవారం పొద్దున పదీ ఐదు. తెర మీద ఎనిమిది మొహాలు, అందులో ఒకటి నాది. "మూడో స్లైడ్‌లో మీరు గమనిస్తే..." అని గొంతు సవరించుకున్నానో లేదో, ల్యాప్‌టాప్ "టొడొంగ్" అంది. పెద్ద తెర నల్లబడింది. పక్క తెర, కీబోర్డు, మౌస్, హెడ్‌సెట్, ఇంటర్నెట్ తీగ అన్నీ కట్టగట్టుకుని పోయాయి. మూడు సెకన్లు చావు నిశ్శబ్దం. తర్వాత "టిడింగ్" అంటూ ఒక్కొక్కటే లేచి కూర్చున్నాయి. హెడ్‌సెట్ కూడా లేచిందిగానీ తనెవరో మర్చిపోయింది. మా మేనేజర్ గొంతు మానిటర్ స్పీకర్లోంచి ఇల్లంతా మోగింది. నా గొంతు మాత్రం ఎవరికీ వినపడలేదు. ఏడుగురూ ఏకకంఠంతో నేను మ్యూట్‌లో ఉన్నానని చెప్పారు. వంటింట్లోంచి మా ఆవిడ కూడా అదే చెప్పింది.

దీనంతటికీ మూలపురుషుడు ల్యాప్‌టాప్ పక్కన కూర్చున్న సబ్బుపెట్టెంత నల్ల డబ్బా. పేరు డాకింగ్ స్టేషన్. స్టేషన్ అన్నారు కదా అని బండ్లు టైముకు వస్తాయనుకుంటే మన తప్పు. అట్ట మీద "ఒకదాంట్లో పన్నెండు" అని బంగారు అక్షరాలున్నాయి. ఆ పన్నెండూ పనిచేస్తాయి. ఒకేసారి పనిచేస్తాయని మాత్రం ఎక్కడా రాయలేదు. పైగా డబ్బులు కట్టింది నేనే కాబట్టి తిట్టుకోవడానికి ఇంకో మనిషి కూడా లేడు.

హాల్లో పేపరు చదువుకుంటున్న మా నాన్న కళ్ళజోడు పైనుంచి చూశారు. తెనాలి వైపు కరెంటు స్తంభాల మీద ముప్పై ఏళ్ళు గడిపి రిటైరైన లైన్‌మన్ ఆయన.

"లూజు కాంటాక్టురా," అన్నారు.

"కాదు నాన్నా. ఇది డిస్‌ప్లేపోర్ట్ ఆల్టర్నేట్ మోడ్‌లో వచ్చే..."

"అదేరా. లూజు కాంటాక్టు."

నేను ఇంజినీర్ని. పట్టించుకోలేదు.

పాతికేళ్ళ కిందట కంప్యూటర్ వెనక భాగం సంక్రాంతి సంతలా ఉండేది. ఊదారంగు గుండ్రటి కన్నం కీబోర్డుది, ఆకుపచ్చది మౌస్‌ది, నీలంది మానిటర్‌ది, గులాబీది మైకుది. ప్రింటర్‌కి బెత్తెడు ప్లగ్గు, దానికి రెండు పక్కలా స్క్రూలు. చూడ్డానికి వికారమే. కానీ నీతి ఉండేది. చాలావరకు తగిలితే పనిచేసేది, తగలకపోతే "నువ్వు నావాడివి కావు, పో" అని మొహం మీదే చెప్పేది.

ఈ సంతను ఒక దారికి తేవాలని ఏడు కంపెనీలు కలిసి 1996 జనవరిలో యూఎస్‌బీని బయటికి తెచ్చాయి. ఇంటెల్‌లో ఆ పని చేసిన బృందానికి ముందున్నది బరోడాలో చదువుకున్న అజయ్ భట్. ఇంట్లో ఒక ప్రింటర్ తగిలించడానికి మామూలు మనిషి ఇంత అవస్థ పడాలా అన్నది ఆయన ప్రశ్న. మంచి ప్రశ్నే. శకునం మాత్రం మంచిది కాదు. 1998 ఏప్రిల్‌లో షికాగోలో, వేలమంది ఎదుట, బిల్ గేట్స్ పక్కన నిలబడగా, ఆయన కంపెనీ వాళ్ళు విండోస్ 98కి స్కానర్ తగిలిస్తే చాలు దానంతటదే గుర్తుపడుతుందని చూపించబోయారు. తగిలించారు. తెర మొత్తం నీలంగా మారి కంప్యూటర్ కన్నుమూసింది. అందుకే దీన్ని ఇంకా అమ్మకానికి పెట్టలేదని గేట్స్ నవ్వేసి గండం గట్టెక్కారు. మనవాళ్ళైతే ఆ రోజే వర్జ్యం చూసి మానుకునేవారు.

మానుకోలేదు సరికదా, నామకరణాలు మొదలుపెట్టారు. సెకనుకి 12 మెగాబిట్లు మోసేదానికి "ఫుల్ స్పీడ్" అని పేరు. ఫుల్ అయిపోయాక ఇంకేముంటుంది? 2000లో 480 మెగాబిట్లది వచ్చింది, దానికి "హై స్పీడ్". అంటే హై కన్నా ఫుల్ తక్కువ. 2008లో 5 గిగాబిట్లది, "సూపర్ స్పీడ్", యూఎస్‌బీ 3.0. ఇక్కడిదాకా అయినా ఏదోలా గుర్తుపెట్టుకోవచ్చు. 2013లో 10 గిగాబిట్ల 3.1 పుట్టగానే, ఐదేళ్ళుగా ఊళ్ళో తిరుగుతున్న 3.0ని పట్టుకుని "ఇకనుంచి నీ పేరు 3.1 జెన్ 1" అన్నారు. తర్వాత 3.2 వచ్చింది. అదే పాతదానికి మూడోసారి బారసాల చేసి 3.2 జెన్ 1 అన్నారు. దాని తమ్ముడు 3.2 జెన్ 2. ఇరవై గిగాబిట్ల వాడు 3.2 జెన్ 2 బై 2. ఇది పేరా, కొత్త ప్లాట్ల వెంచర్లో సర్వే నంబరా? ఆ తర్వాతిదానికి యూఎస్‌బీ4 అని పెట్టి, 4కి ముందు ఖాళీ వదలకూడదని నియమం కూడా పెట్టారు. తీగలో లోపల ఏముందో చెప్పే ఓపిక లేనివాళ్ళకి, అక్షరాల మధ్య ఖాళీ మీద అంత శ్రద్ధ.

ఆర్టీసీ వాళ్ళు ఒకరోజు పొద్దున్నే పల్లెవెలుగు బోర్డు పీకేసి "గరుడ జెన్ 1" అని తగిలిస్తే ఎలా ఉంటుంది? బస్సు అదే, డ్రైవరు అతనే, కిటికీ అద్దం అలాగే గడగడలాడుతుంది. టికెట్ కొన్నవాడు మాత్రం ఏసీ కోసం పైకి చూస్తుంటాడు. ఆర్టీసీ ఆ పని చేయలేదు, పుణ్యం కట్టుకుంది. డాక్ అమ్మేవాళ్ళు రోజూ చేస్తున్నారు. "3.2" అన్న అంకె అట్ట మీద కొండంత, "జెన్ 1" అన్నది కింద చీమంత. 2022లో యూఎస్‌బీ ప్రమాణాల సంఘానికే తల తిరిగి, ఈ పేర్లన్నీ వదిలేసి గిగాబిట్ల అంకె వేయండి చాలన్నారు. అప్పటికే గోడౌన్లు నిండా పాత అట్టపెట్టెలున్నాయి.

ఒక ముక్క చెప్పి ఈ పేర్ల గొడవ వదిలేస్తాను. 20 గిగాబిట్ల జెన్ 2 బై 2 డిస్కుని 40 గిగాబిట్ల యూఎస్‌బీ4 కన్నంలో పెడితే చాలా ల్యాప్‌టాప్‌లలో ఎంత వస్తుంది? ఇరవై కాదు. పది. జెన్ 2 బై 2లోని ఆ రెండో దారిని ఒప్పుకోవడం యూఎస్‌బీ4కి ఐచ్ఛికం మరి. ఈ "ఐచ్ఛికం" అన్న మాట కింద ఎన్ని పాపాలు దాక్కుంటాయో లెక్కలేదు.

2014లో టైప్-సీ వచ్చింది. ఎటు తిప్పి పెట్టినా ఎక్కే ప్లగ్గు. మొదట్లోనే అలా చేసి ఉంటే తీగలూ ఖర్చూ రెట్టింపయ్యేవని అజయ్ భట్ తర్వాత ఎప్పుడో చెప్పుకున్నారు. ఎనిమిది మిల్లీమీటర్ల వెడల్పు, రెండున్నర ఎత్తు ఉన్న సందులో 24 కాళ్ళు. చార్జింగ్ అక్కడే, తెర అక్కడే, డేటా అక్కడే, ఇంటర్నెట్ అక్కడే. అందరికీ ఒకటే గుమ్మం. అయితే గుమ్మం మీద నేమ్‌ప్లేట్ పీకేశారు. ఏ ప్లగ్గైనా ఏ కన్నంలోనైనా దూరుతుంది. దూరాక చార్జింగ్ మాత్రమే ఎక్కొచ్చు, తెర రావచ్చు, రాకపోవచ్చు, రెండూ వచ్చి మధ్యాహ్నం భోజనాల వేళకి వెళ్ళిపోవచ్చు. మునుపు తగలకపోతే పనిచేయదని తెలిసేది. ఇప్పుడు తగులుతుంది. అదీ అభివృద్ధి.

కేబుల్ మార్చి చూద్దామని సికింద్రాబాద్‌లో సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్ళాను. కౌంటర్లో ఉన్న కుర్రాడికి ఇరవై ఏళ్ళుంటాయేమో.

"టైప్-సీ కేబుల్ ఒకటివ్వమ్మా."

"దేనికన్నా? చార్జింగ్‌కా, డేటాకా, డిస్‌ప్లేకా?"

"అన్నిటికీ."

వాడు నవ్వి రెండు తీగలు బల్ల మీద పెట్టాడు. రెండూ నల్లవే, రెండూ మీటరు పొడవే, రెండు చివర్లూ కవలపిల్లల్లా ఉన్నాయి. ఒకటి రెండొందలు, ఒకటి రెండు వేల రెండొందలు.

"రెండూ ఒకేలా ఉన్నాయి కదా?"

"తేడా లోపట ఉంటదన్నా. నీకు కనవడదు."

ప్రమాణాల సంఘం వందల పేజీల్లో చెప్పలేకపోయినదాన్ని ఆ కుర్రాడు ఒక్క మాటలో చెప్పాడు. ఫోన్ పెట్టెల్లో వచ్చే టైప్-సీ తీగలు చాలావరకు లోపల 2000 నాటి 480 మెగాబిట్లవే. 40 గిగాబిట్ల తీగతో పోలిస్తే ఎనభై మూడో వంతు. తెర బొమ్మను మోసే దారులు వాటిలో అసలు ఉండవు. వాటితో డాక్ తగిలిస్తే మానిటర్ పలకదు, చార్జింగ్ దీపం మాత్రం చక్కగా వెలుగుతుంది, మనం మానిటర్‌ని తిడతాం. అలాగే 60 వాట్లు దాటి కరెంటు మోయాలంటే తీగ లోపల తన గురించి తాను చెప్పుకునే చిన్న చిప్ ఉండాలి. లేకపోతే ల్యాప్‌టాప్ ఆ తీగను నమ్మదు. అది నమ్మకపోవడమే మంచిదనుకోండి. 2016లో బెన్సన్ లీంగ్ అనే గూగుల్ ఇంజినీరు, ఆన్‌లైన్లో దొరికే టైప్-సీ తీగలు ప్రమాణాలకు నిలుస్తాయో లేదో వరసపెట్టి పరీక్షిస్తుండగా, ఒక తీగ తగిలించగానే ఆయన ల్యాప్‌టాప్ కాలిపోయింది. లోపల కరెంటు తీగ ఉండాల్సిన చోట ఎర్తు తీగ, ఎర్తు చోట కరెంటు తీగ. మా నాన్నకి ఈ కథ చెబితే చాలాసేపు మాట్లాడలేదు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన ఎప్పుడూ చేయని తప్పు అది.

వాట్ల ముద్ర, గిగాబిట్ల ముద్ర తీగ మీదే వేయొచ్చని ఇప్పుడు సంఘం వారి సర్టిఫికెట్ పద్ధతి ఒకటుంది. వేయించుకున్నవాడు ఉత్తముడు. వేయించుకోనివాణ్ణి అడిగే నాథుడు లేడు. ఐరోపా వాళ్ళు చట్టమే చేశారు: 2024 డిసెంబర్ 28 నుంచి ఫోన్లకీ, 2026 ఏప్రిల్ 28 నుంచి ల్యాప్‌టాప్‌లకీ టైప్-సీ చార్జింగ్ ఉండి తీరాలని. కన్నాలన్నీ ఒకటైపోతే కష్టాలు తీరతాయని వాళ్ళ నమ్మకం. ఇంటిపేర్లు కలిస్తే సంబంధం కుదిరిందనుకున్నట్టుంది.

పాతదాన్ని పారేసి రెండు వేల రెండొందల తీగ తగిలించాను. బుధవారం, పదకొండున్నర. టొడొంగ్.

అప్పుడు ఆఫీసు హెల్ప్‌డెస్క్‌కి టికెట్ పెట్టాను. ఆ టికెట్ చరిత్ర మాత్రం తీరిగ్గా చెప్పాలి. ల్యాప్‌టాప్ విభాగం వారు లాగ్ చూసి డాక్‌ని అనుమానించారు. డాక్ విభాగం వారు మానిటర్ ఏ కంపెనీదో అడిగి, చెప్పగానే "ఆఁ" అన్నారు. ఆ "ఆఁ"కి అర్థం ఈ రోజుకీ తెలియదు. డ్రైవర్ల వారు బయాస్ మార్చమన్నారు, బయాస్ వారు డాక్ ఫర్మ్‌వేర్ మార్చమన్నారు, ఫర్మ్‌వేర్ మార్చాలంటే డాక్ మధ్యలో ఊడకూడదన్నారు. ఊడుతోందనే కదా బాబూ ఈ టికెట్! తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ పిడికిళ్ళన్నీ మూసే ఉన్నాయి, నువ్వులు మాత్రం నా నెత్తిన.

చివరికి ఒకతను నా ల్యాప్‌టాప్‌లోకి దూరం నుంచే ప్రవేశించి స్వయంగా చూస్తానన్నాడు. మర్యాదస్తుడు. "సార్, ఇప్పుడు మానిటర్ వస్తోందా?" "వస్తోంది." "మౌస్ కదులుతోందా?" "కదులుతోంది." నలభై నిమిషాలు డాక్ పెళ్ళిచూపుల్లో అమ్మాయిలా కూర్చుంది. "సార్, సమస్య కనపడటం లేదు, మరి..." అంటుండగా టొడొంగ్. డాక్ పోయింది. డాక్‌తో ఇంటర్నెట్ తీగ పోయింది. ఇంటర్నెట్‌తో అతను పోయాడు. సమస్య ఏమిటో చూడటానికి వచ్చిన మనిషిని సమస్యే గెంటేసింది. సాయంత్రానికి మెయిల్: "యూజర్ మధ్యలో స్పందించనందున టికెట్ మూసివేయడమైనది. మా సేవలకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?"

ఆకాశంలో ఎన్ని ఉంటే అన్ని.

ఈలోగా సొంత వైద్యం మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే కొన్ని రోగాలు అలా కుదిరాయి కూడా. మౌస్ కాసేపు ముట్టుకోకపోతే మొద్దుబారి పోయేది. వెతికితే తేలిందేమిటంటే, కరెంటు ఆదా కోసం యూఎస్‌బీ హబ్బుని నిద్రపుచ్చే హక్కు విండోస్ తనకు తానే ఇచ్చుకుంది. గోడకి ప్లగ్గు పెట్టి ఉన్నా సరే, ఆదా ఆదాయే. డివైస్ మేనేజర్‌లోకి వెళ్ళి, రూట్ హబ్ అన్న పేరున్న ఒక్కొక్కదాని మీదా కుడి క్లిక్ కొట్టి, పవర్ మేనేజ్‌మెంట్‌లో ఆ టిక్కు తీసేయాలి. తీశాను. అప్‌డేట్ వచ్చాక చూస్తే కొన్నింటి మీద టిక్కు మళ్ళీ వచ్చి కూర్చుంది, అలిగి వెళ్ళిపోయిన అల్లుడు భోజనం వేళకి వచ్చినట్టు.

అప్పుడప్పుడూ మౌస్ బాణం రెండంగుళాలు ఎగిరి దూకేది. దీని మూలం తెలిసినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. యూఎస్‌బీ 3.0 కన్నాల నుంచీ తీగల నుంచీ పుట్టే రొద 2.4 గిగాహెర్ట్జ్ దాకా పాకుతుంది. వైర్‌లెస్ మౌస్ మాట్లాడుకునేదీ సరిగ్గా ఆ చోటే. డీజే సెట్టు పక్కన అష్టావధానం పెట్టడమన్నమాట. ఈ సంగతి మీద ఇంటెల్ వాళ్ళే 2012లో పత్రం రాసి పెట్టారు. ఇన్నేళ్ళైనా నా డాక్ చేసినవాళ్ళు దాన్ని చదవలేదని, ఆ కన్నాల వరస చూస్తేనే తెలుస్తుంది. నూటయాభై రూపాయలకి మూరెడు ఎక్స్‌టెన్షన్ తీగ కొని, గోరంత రిసీవర్ని డాక్ నుంచి దూరంగా లాగి కట్టాను. అంతే, బాణం బుద్ధిగా నడిచింది. అంటే తీగ లేని మౌస్ పనిచేయాలంటే ఒక తీగ కొనాలి.

కరెంటు లెక్క వేరే. వంద వాట్ల చార్జర్ డాక్‌కి పెడితే, సాధారణంగా పదిహేను తన ఖర్చులకు పట్టుకుని ఎనభై అయిదు ల్యాప్‌టాప్‌కి పంపుతుంది. దళారీ కమీషన్. దానికీ ఒప్పుకుందాం. చార్జర్ లేని చౌకరకం హబ్బు సంగతి మరీ ఘోరం. యూఎస్‌బీ 3 కన్నం ఒకటి ప్రమాణం ప్రకారం ఇచ్చేది 900 మిల్లీ ఆంపియర్లు. దాని మీద హార్డ్‌డిస్కు, వెబ్‌క్యామ్, కీబోర్డు, పైగా మా ఆవిడ ఫోను. ఒక్క రేషన్ కార్డు మీద నాలుగు కాపురాలు. హార్డ్‌డిస్కు కిచకిచమని ఏడ్చి ఊడిపోతే దాని తప్పేముంది?

తెరల గురించి చెప్పుకుంటే తెల్లారుతుంది. పెద్ద తెరకి ఫోర్-కే అని గొప్పలు పోయి, తీగలోని దారుల్లో సగం డేటాకి ఇచ్చేసి, చాలా డాక్‌లు సెకనుకి ముప్పైసార్లు మాత్రమే బొమ్మ మారుస్తాయి. మౌస్ బాణం పెళ్ళింట్లో తాగొచ్చిన బాబాయిలా నడుస్తుంది. మా తమ్ముడిది మ్యాక్. ఒక తీగ నుంచి రెండు తెరలు చీల్చే ఎంఎస్‌టీ పద్ధతి దానికి గిట్టదు. రెండు మానిటర్లు కొన్నాడు, రెండింట్లోనూ ఒకే బొమ్మ. దానికి విరుగుడు డిస్‌ప్లేలింక్ డాక్ అన్నారు. అది పనిచేయాలంటే "ఈ ప్రోగ్రామ్ మీ తెరను రికార్డు చేయడానికి అనుమతిస్తారా?" అని అడుగుతుంది. తెర చూపించడానికి తెర రికార్డు చేయాలట. అనుమతిచ్చాడు. ఓటీటీలో సినిమా పెట్టాడు. దొంగకాపీ తీస్తున్నాడని అనుమానించి ఓటీటీ నల్లతెర చూపించింది. మాటలు మాత్రం వినపడ్డాయి, పాత రోజుల్లో రేడియోలో సంక్షిప్త శబ్ద చిత్రం విన్నట్టు.

ఇంతా చేసి అసలు రోగం అలాగే ఉంది. రోజుకి మూడు టొడొంగ్‌లు. బల్ల మీద కాఫీ కప్పు గట్టిగా పెడితే నాలుగు. డాక్ కరెంటు తీసి ముప్పై సెకన్లు ఆగి పెట్టడం అన్నది హెల్ప్‌డెస్క్ వారి ఏకైక మంత్రం. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అది పనిచేసేది. గంటసేపు.

ఆదివారం మధ్యాహ్నం నాన్న నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"కప్పు పెడితే పోతోందన్నావు కదరా?"

"అవును నాన్నా, అది యాదృచ్ఛికం."

"ల్యాప్‌టాప్ ఆపెయ్యి. చార్జర్ తియ్యి. మీ ఆవిణ్ణి పళ్ళు కుట్టుకునే పుల్ల ఒకటి అడుగు. చెక్కది, ఇనపది కాదు."

ఫోన్ టార్చి వేసి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ఎనిమిది మిల్లీమీటర్ల కన్నంలోకి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి చూసినట్టు చూశారు. పుల్ల లోపలికి పెట్టి నెమ్మదిగా ఒక మూల నుంచి లాగారు. బూడిదరంగు నలుసు ఒకటి వచ్చింది. మళ్ళీ లాగారు. ఇంకోటి. ఏడాదిన్నరగా నేను మోస్తున్న బ్యాగు అడుగున పేరుకున్న నూలు పీచు, ప్లగ్గుతో పాటు రోజూ లోపలికి తోసి తోసి గట్టిపడి, చివర పరుపులా పరుచుకుంది. ప్లగ్గు పూర్తిగా దిగటం లేదు. పైకి దిగినట్టే ఉంది, అంతే. పాతకాలంలో ఊదారంగు కన్నంలో పీచు పడితే కీబోర్డు ఒక్కటే పోయేది. మిగతా సంతకి తెలిసేదే కాదు. ఇప్పుడు ఇల్లంతటికీ ఒకటే గుమ్మం కదా, గడప మీద చీపురుపుల్ల అడ్డం పడితే పెళ్ళి ఆగిపోతుంది.

"లూజు కాంటాక్టు," అన్నారు ఆ పీచును నా అరచేతిలో పెడుతూ. హెల్ప్‌డెస్క్ మనిషి కాదు కాబట్టి ఎన్ని నక్షత్రాలిస్తావని అడగలేదు.

ప్లగ్గు పెట్టాను. ఏడాదిగా వినని "టక్" అన్న చప్పుడు వచ్చింది. కాఫీ కప్పు ఎత్తి గట్టిగా పెట్టాను. ఏమీ కాలేదు. మళ్ళీ పెట్టాను. మా ఆవిడ వచ్చి కప్పు లాక్కుపోయింది.

డాక్‌కి ఉన్నదాంతో కలిపి సొరుగులోని తీగలన్నీ బయట పెట్టించారు నాన్న. పదకొండు. అన్నీ నల్లవి, అన్నీ టైప్-సీ, ఏది ఏమిటో ఎవరికీ తెలియదు. "మా స్టోరు రూములో తీగలు ఇలా ఉంటే ఏఈ గారు సస్పెండ్ చేసేవారు," అని ఒక్కొక్కటీ తగిలించి చూడమన్నారు. ఫోను మాత్రమే చార్జ్ అయ్యేవి ఏడు, ఏదీ కానివి రెండు, పెన్‌డ్రైవ్ పలికేది ఒకటి, తెర వచ్చేది రెండు వేల రెండొందలది ఒకటే. దానికి తెల్ల ప్లాస్టర్ ముక్క చుట్టి, స్కెచ్ పెన్నుతో స్తంభాల మీద నంబర్లు వేసే గుండ్రటి దస్తూరిలో రాశారు: "ఇది పనిచేయును. ముట్టరాదు."

సోమవారం పదీ ఐదు. ఎనిమిది మొహాలు. "మూడో స్లైడ్‌లో మీరు గమనిస్తే..." అన్నాను. గమనించడానికి తెర లేదు, చార్జింగ్ దీపం మాత్రం చక్కగా వెలుగుతోంది. వంగి చూస్తే డాక్‌కి ప్లాస్టర్ లేని తీగ ఒకటి తగిలించి ఉంది. హాల్లో కిటికీ పక్కన నాన్న ఫోన్ చార్జింగ్‌లో ఉంది, తెల్ల ప్లాస్టర్ ఉన్న తీగతో.

"నాన్నా, దాని మీద ముట్టరాదని మీరే రాశారు కదా?"

"మిగతావాటి మీద ఏమీ రాయలేదు కదరా," అన్నారు పేపరు తిప్పుతూ. "పనిచేస్తుందని రాసున్నది అదొక్కటే."